దండాసి కూర్చున్న చోటు

హైమావతికీ దండాసికీ పెళ్లి కుదిర్చింది పెళ్లిళ్ల పేరయ్య కాదు, సిగ్నల్. దుగ్గివలసలో ఎవర్ని కదిపినా ఈ మాటే చెబుతారు, అదీ నవ్వుతూ చెబుతారు.

వరసకు బావామరదళ్లే అయినా, ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకున్నది మాత్రం ఒక కేబుల్ ఆఫీసు కొలువులో. తీగ లాగలేని ఊళ్లకు గాల్లో ఇంటర్నెట్ పంపాలంటే రెండు చివర్లా రెండు రేడియోలు బిగించి, ఒకదాని ముఖం ఒకదానికి చూపించాలి. చూపు వెంట్రుకవాసి తప్పితే పడిన పాటంతా వృథా. దండాసి టవరెక్కి రేడియోను ఇంచీ ఇంచీ తిప్పుతుంటే, అవతలి ఊరి డాబా మీద లాప్‌టాప్ పెట్టుకుని హైమ ఫోన్లో అంకెలు చదివేది. అంకె ఎంత దిగితే చూపు అంత కుదిరినట్టు.

"డెబ్భై... అరవై ఎనిమిది... ఇంకాస్త కుడికి బావా... అరవై... యాభై ఎనిమిది. ఆగాగు! అక్కడే బిగించీ."

అంకెలు తప్ప వేరే ముచ్చట లేకుండా రెండేళ్లు మాట్లాడుకున్నారు. ఆ అంకెలు చదివే గొంతు వింటేనే ఇంట్లోవాళ్లకు సంగతి అర్థమైపోయింది. పెళ్లయ్యాక ఆ కొలువు మానేసి, చుట్టుపక్కల పల్లెలకు సొంతంగా ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. టవరెక్కడం ఆయన వంతు, అంకె చూడటం ఈమె వంతు. దెబ్బలాట వచ్చినా టవర్ మీద ఒకరూ డాబా మీద ఒకరూ ఉండే దెబ్బలాడుకునేవారు.

అన్ని ఊళ్లూ లొంగాయి గానీ కుసుమగూడ లొంగలేదు. అది గెడ్డకు, అదే కొండవాగుకు అవతల, కొండ మడతలో ఉన్న ఊరు. రోడ్డు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, డోలీలో కిందికి మోసుకురావాల్సిందే. గెడ్డ పొంగిందా, అదీ లేదు. ఆ ఊరికి నెట్టు ఇస్తే, డాక్టరు ఎక్కలేని కొండను డాక్టరు మాటైనా ఎక్కుతుందని హైమ పట్టుదల.

గెడ్డకు ఇవతలి ఒడ్డునే ఏనుగుమెట్ట ఉంది. దాని మీద నిలబడితే అటు కుసుమగూడా కనిపిస్తుంది, ఇటు దూరంగా దుగ్గివలసలో హైమ వాళ్ల డాబా కూడా కనిపిస్తుంది. మెట్ట నుంచి కుసుమగూడకు సిగ్నల్ వేయడం చిటికెలో పని. చిక్కంతా డాబా నుంచి మెట్టకు. చవక రేడియో పెట్టి చూశారు. దారిలో ఉన్న ఊళ్ల వైఫైల గోలలో దాని మాట దానికే వినబడలేదు. బాగా వేగం ఉన్న రకం తెచ్చి పెట్టారు. ఎండకు పరుగెత్తింది, చినుకు పడగానే పడకేసింది. సర్కారు దగ్గర ఇంకెవరూ అడ్డురాని సొంత తరంగం రాయించుకోవడమంటే పెద్ద పెద్ద కంపెనీల సంగతి, వీళ్లవల్ల అయ్యేది కాదు.

అలాంటప్పుడు, తను చేసిన కొత్త రకం రేడియోను వానలో పరీక్షించి చూసుకోవడానికి విశాఖ నుంచి కామేశ్వరి మేడమ్ వచ్చింది. జుట్టు నెరిసేదాకా పరిశోధనశాలలో ఒకే పని మీద కూర్చున్న మనిషి. ఆమె తెచ్చింది చూడ్డానికి రేడియోలా లేదు. బడిపిల్లల పలకంత నల్లటి పలకలు రెండు. ఒకటి డాబాకి, ఒకటి మెట్టకి.

"మామూలు రేడియో ఎదురుగా ఉన్న ఒక్క దారినే నమ్ముకుంటుందమ్మా," అని హైమకు చెప్పింది. "ఇది అలా కాదు. బండకు తగిలి వచ్చిన తరంగాన్నీ, చెట్టుకు తగిలి వచ్చిన దాన్నీ, అన్నిటినీ గుర్తుపెట్టుకుంటుంది. వాన పడి ఎదురు దారి మూసుకుపోతే వాటి మీద ఆనుకుని నిలబడుతుంది. కాకపోతే చుట్టూ ఏమున్నాయో నేర్చుకోవడానికి దానికి నెల పడుతుంది. నేర్చుకున్నది ముద్ర పడిపోతుంది, చెరిపితే తప్ప ఇక మారదు. అందుకని ఆ నెల రోజులూ పలక ముందుకు మనిషన్నవాడు వెళ్లకూడదు. కాపలా కాయండి, కానీ వెనకాల ఉండి కాయండి."

"అలాగేనండీ మేడమ్," అన్నారు మొగుడూ పెళ్లాం, ఎంతో బుద్ధిమంతుల్లా.

ఎండాకాలం ఆ నెలంతా దండాసి మెట్ట మీద గుడిసె వేసుకుని ఉన్నాడు. మేకలు రాకుండా, తేనె పట్టేవాళ్లు రాకుండా చూసుకున్నాడు. రోజూ పొద్దుగూకే వేళకు హైమ డాబా ఎక్కి టార్చి వెలిగించేది, మెట్ట మీంచి ఆయన టార్చి బదులు పలికేది. పెళ్లై ఇన్నేళ్లయ్యాక ఈ వేషాలేమిటని పక్కింటివాళ్లు వేళాకోళం ఆడినా హైమ పట్టించుకోలేదు.

పలక పని మొదలుపెట్టింది. మొదటి వానకు లింకు ఇసుమంతైనా చలించలేదు. ఆ రోజు కుసుమగూడలో నర్సు విజయగౌరి ఫోను పైకెత్తి పట్టుకుంటే, పట్నం ఆసుపత్రిలోని డాక్టరమ్మ ఒక పిల్లాడి ఒంటి మీది పొక్కులు చూసి మందు చెప్పింది. హైమ డాబా మీద చిన్నపిల్లలా గెంతింది.

ఆ సంబరం నిండా నెల కూడా నిలవలేదు. వేరే ఊళ్లో పాత టవరెక్కి క్లాంపు బిగిస్తుంటే, తుప్పు పట్టిన మెట్టు ఊడి దండాసి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇంటికొచ్చిన దండాసి వేరే మనిషి. గదిలో కిటికీ వైపు తలపెట్టి పడుకునే మనిషి, మంచం తిప్పించి గోడ వైపు ముఖం పెట్టుకున్నాడు. ఎందుకంటే కిటికీలోంచి ఏనుగుమెట్ట కనిపిస్తుంది. ఆసుపత్రివాళ్లు కొలతలు తీసి ఇచ్చిన కొత్త కాలు సంచీలోంచి బయటికే రాకుండా మంచం కింద పడి ఉంది. అడిగితే తిన్నాననేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు. ఒకప్పుడు టవర్ మీంచి ఊరంతటికీ వినబడేలా కబుర్లు చెప్పిన నోరు అది! హైమ రెంచీలు సంచీలో వేసుకుని, ఆయన పనీ తన పనీ తనే చేసుకుంటూ తిరిగింది.

శ్రావణం వచ్చి వానలు దట్టమయ్యాక కొత్త తంటా మొదలైంది. రోజంతా నిక్షేపంలా ఉన్న లింకు సరిగ్గా పొద్దుగూకే వేళకు పడిపోతోంది. చీకటి పడ్డాక దానంతటదే లేస్తోంది. హైమ కేబుళ్లు మార్చింది. కనెక్టర్లు విప్పి చూస్తే ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి, వాటిని దులిపింది. కరెంటు డబ్బా మార్చింది. ఊహూఁ. వాన ఎంత గట్టిపడితే ఆ పడిపోవడం అంత ఎక్కువ సేపు సాగుతోంది. ఇక లాభం లేదని మేడమ్‌కు ఫోన్ చేసింది.

కామేశ్వరి మేడమ్ తడుస్తూ వచ్చి, మెట్టెక్కి, పలకలోని జ్ఞాపకాన్ని లాప్‌టాప్ మీద బొమ్మగా పరిచింది.

"ఇది నిలువు బండ. ఇది చింతచెట్టు. ఇది నీ గుడిసె రేకు. మరి ఇదేమిటమ్మా? పలకకు ఎదురుగా ఈ మచ్చ?"

పొద్దుగూకే వేళకే వచ్చి, చీకటి పడగానే మాయమయ్యే మచ్చ అది. కాస్త పెద్దదవుతోంది, కాస్త చిన్నదవుతోంది.

"మేకేమోనండీ," అంది హైమ.

"మేక రోజూ ఒకే చోట, ఒకే వేళకు కూర్చుంటుందా? ఇది ఊపిరి తీస్తోంది చూడు. మనిషి. ఒంట్లో అంతా నీరే కదా, తరంగం తగిలితే చక్కగా తిప్పి కొడుతుంది. పలక అతన్ని కూడా బండల్లో, చెట్లలో కలిపి నేర్చేసుకుంది. ఇప్పుడు వాన పడి మిగతా దారులు సన్నబడితే, ఆ వేళకు అతని మీద ఆనుకోబోతోంది. అక్కడ అతను లేడు. తూలి పడుతోంది." మేడమ్ కళ్లజోడు తీసి హైమను చూసింది. "ముందుకు వెళ్లొద్దన్నానా లేదా?"

హైమ ముఖం కందగడ్డలా అయింది. "బావకి పలక ఎనకాల్నుంచైతే నా టార్చి కనబడదండీ," అని, ఆ మాట పూర్తయీ అవకుండానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఇంట్లో మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇక్కడ ఈ నల్ల పలక మాత్రం రోజూ ఆయన వస్తాడని చూస్తోంది. మేడమ్ తిట్టాలనే నోరు తెరిచింది గానీ, తిట్టలేక హైమ వీపు నిమిరింది.

"చెరిపేసి మళ్లీ నేర్పిద్దాం. కానీ నెల పడుతుంది. ఇంత వానలో వంకరగా నేర్చుకుంటుంది కూడా."

నెల అంటే కుదిరే పని కాదు. కుసుమగూడలో జమ్మయ్య కూతురు చామంతికి నెలలు నిండాయి. తొలి కాన్పు, పైగా రక్తపోటు. పాపం విజయగౌరి ఆ పిల్ల కోసం అక్కడే మకాం పెట్టింది. గెడ్డ ఏ రోజు పొంగుతుందో తెలియదు. పురుడయ్యేదాకా లింకును ముట్టుకోవడానికి లేదు, అలాగని పొద్దుగూకే వేళ పడిపోనివ్వడానికీ లేదు.

చేయని ప్రయత్నం లేదు. హైమ తనే వెళ్లి, పలక ముందు దండాసి కూర్చునే బండ మీద కూర్చుంది. అంకె ఇంకా చెడింది. దండాసి చొక్కా తొడిగి తడి గడ్డితో ఒక బొమ్మ చేసి కూర్చోబెట్టింది. తిరిగొచ్చేసరికి బొమ్మ తల మీద కాకి కూర్చుని ఉంది, అంకె ఉన్నచోటే ఉంది. "దానికి ఆ మనిషే కావాలి, ఆ ఊపిరే కావాలి," అంది మేడమ్ ఫోన్లో. "ఇంకెవరు కూర్చున్నా దానికి అడ్డమే."

ఆ పూట హైమ మంచం దగ్గర కూర్చుని ఉన్న సంగతంతా చెప్పింది. దండాసి గోడ వైపు చూస్తూనే విన్నాడు.

"సెరిపీమను ఆ పలకని," అన్నాడు.

"సామంతి పురుడయ్యాక సెరుపుదుము. అంతవరకూ ఒక్క పూటైనా రా బావా. నలుగుర్ని పెట్టి మోయిస్తాను."

"నన్ను మోసుకెళ్లి బండ మీద కూకోబెడతావా? అందరూ సూసి అయ్యో పాపం అనడానికా? టవరెక్కినోణ్ణే నాను. కాలు నేనోడికి కొండెందుకే?"

హైమకు తిక్క రేగింది. ఇన్నాళ్లూ మింగుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"కాలు పోనాదంటే ఊరంతా ఒచ్చి ఓదార్సినారు బావా. మనిసే పోనాడని నాను ఎవులకి సెప్పుకోవాల? ఆ రాయికీ రప్పకీ నువ్వు గుర్తున్నావు. నీకే నువ్వు గుర్తు నేవు."

హైమ లేచి వంటింట్లోకి పోయి, చేసే పనేమీ లేకపోయినా గిన్నెలు చప్పుడు చేసింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక, వానలో నిలువునా తడిసి జమ్మయ్య వచ్చాడు. వెంట మరో ముగ్గురు, భుజాన ఖాళీ డోలీ. పొద్దున్నే జ్వరంతో ఉన్న ఒక ముసలాయన్ని కిందికి దింపి ఆసుపత్రిలో చేర్చి, తిరిగి వెళ్లేసరికి గెడ్డ నిండా పారుతోందట. అవతలి ఒడ్డు మీంచి ఊళ్లోవాళ్లు కేకేసి చెప్పారట, చామంతికి నొప్పులు మొదలయ్యాయని.

"అమ్మా, నా కూతురు అటే ఉండిపోనాది, నాను ఇటే ఉండిపోనాను," అన్నాడు. "నర్సు గౌరమ్మ దగ్గిరుంది గానీ, పోను పలుకుతాదనే ధైర్నంగా ఉందట. పొద్దుగూకితే పోను ఆగిపోతంది కదమ్మా. ఇయ్యాల ఆగకుండా సూడమ్మా. నీ కాళ్లకి దణ్ణవెడతాను."

లింకుకు కావలసింది గోడకు అవతల గదిలో ఉందని ఆ తండ్రితో హైమ ఎలా చెబుతుంది?

గదిలో మంచం కిర్రుమంది.

"జమ్మయ్యా," అని దండాసి గొంతు వినిపించింది, బలంగా. "ఆ డోలీ కాళీయేనా?"

నలుగురూ లోపలికి తొంగిచూశారు. దండాసి మంచం మీద లేచి కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తొందరలో ఒక గుండీ తప్పి పెట్టుకున్నాడు. హైమ వెళ్లి అది సరిచేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నువ్వు డాబా ఎక్కు ఐమా," అన్నాడు. "అంకె సదివీది నువ్వే కదా."

డోలీ ఉన్నది మనిషిని కొండ దింపడానికే. మనిషిని కొండెక్కించడం అదే మొదలు. తన కూతురి కోసం ఉండాల్సిన డోలీలో దండాసిని పడుకోబెట్టుకుని, బురదలో జారుతూ, ఒకరినొకరు కేకేసుకుంటూ జమ్మయ్యా వాళ్లూ మెట్టెక్కారు. ఒక దగ్గర జారి దండాసి తల కర్రకు కొట్టుకుంది. "పర్నేదు, పదండి పదండి," అన్నాడు.

డాబా మీద రేకు కింద హైమ లాప్‌టాప్ తెరిచింది. వెలుతురు తగ్గుతోంది. అంకె డెబ్భై దాటింది. ఇంకో నాలుగైదు పెరిగితే కుసుమగూడ తెగిపోతుంది. అప్పుడే విజయగౌరి దగ్గర్నుంచి సందేశం వచ్చింది. చామంతికి రక్తపోటు ఎక్కువైంది, సూది ఎంత వేయాలో డాక్టరమ్మ చూసి చెబుతోంది, లింకు పోనివ్వొద్దు.

ఫోన్ మోగింది. "కూకున్నాను," అన్నాడు దండాసి, రొప్పుతూ.

"డెబ్భై రెండు బావా. కుంచెం ఎడమకి జరుగు."

"జరిగినాను."

"డెబ్భై మూడు. కాదు, కుడికి. ముందుకి. ఎనకటి నాగే కాళ్లు కిందికి ఏలాడేసి కూకో."

"ఉన్నది ఏలాడేసినాను," అన్నాడు.

హైమ పెదవి కొరుక్కుంది. "డెబ్భై రెండు."

జమ్మయ్య గొడుగు పట్టబోతే వద్దన్నాడు దండాసి. నేర్చుకున్నప్పుడు గొడుగు లేదు కదా! అందర్నీ పలక వెనక్కి పొమ్మన్నాడు. వాన ముఖాన కొడుతోంది. అంకె డెబ్భై రెండు దగ్గరే కొట్టుకుంటోంది. హైమకు ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. కొండెక్కిన కుదుపుకో, నెలల తరబడి దిగమింగిన దుఃఖానికో, ఎగిరెగిరి పడుతోంది. అప్పుడు తట్టింది ఆమెకు. పలక నేర్చుకున్నది పొద్దంతా కాపలా కాసి, నిమ్మళంగా పెళ్లాం దీపం కోసం చూస్తూ కూర్చున్న మనిషిని. ఇలా రొప్పేవాణ్ణి అది ఎరగదు.

"బావా, ఊపిరి మెల్లిగా తియ్యి."

"రాడం నేదే," అన్నాడు. ఏడుస్తున్నాడు. "ఐమా, టార్సి ఎయ్యే. కనబడితే కుదురుకుంటానేమో."

ఎంత పిచ్చిది తను! అంకెల్లో పడి ఆ సంగతే మరిచిపోయింది. హైమ పరుగున పోయి టార్చి తెచ్చి, వానలోకి నడిచి, డాబా పిట్టగోడ మీద నిలబెట్టి వెలిగించింది.

వాన తెరలో, అంత దూరాన, ఆ వెలుగు కనబడిందో లేదో ఆమెకు తెలియదు. ఫోన్లో ఊపిరి మాత్రం వింటూ ఉంది. ఒకసారి గట్టిగా వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది, మెల్లగా. ఆ తర్వాత ఇంకా మెల్లగా.

"కనబడింది," అన్నాడు దండాసి.

హైమ లాప్‌టాప్ వైపు తిరిగింది. డెబ్భై. అరవై ఏడు. అరవై మూడు. పైకి చదివింది, పాత రోజుల్లో చదివినట్టే. "అరవై... యాభై ఎనిమిది. ఆగాగు బావా! అక్కడే ఉండు. కదలకు."

కదలలేదు. వాన కొడుతుంటే, చీకటి ముసురుకునేదాకా, టార్చి వెలుగు మీంచి చూపు తిప్పకుండా దండాసి ఆ బండ మీద కూర్చున్నాడు. కొండల మీదుగా డాక్టరమ్మ మాటలన్నీ ఆయన్ని తాకి కుసుమగూడ వెళ్లాయి, విజయగౌరి జవాబులన్నీ ఆయన్ని తాకి కిందికి వచ్చాయి. ఆయనకు అవేవీ వినబడవు. వాన చప్పుడూ, తన ఊపిరీ, ఫోన్లో హైమ ఊపిరీ, అంతే.

విజయగౌరి ఫోన్ చేసేసరికి మెట్ట మసక మసకగా ఉంది. "ఆడపిల్ల! తల్లీ పిల్లా బావున్నారు!" అంది హైమతో. ఆ మాట హైమ దండాసికి చెబితే, దండాసి మెడ తిప్పి జమ్మయ్యకు చెప్పాడు. జమ్మయ్య పలకనూ లెక్కచేయకుండా ముందుకొచ్చి ఆయన్ని కావలించుకుని బావురుమన్నాడు. అంకె గింగిరాలు తిరిగింది. ఆ రోజుకు హైమ ఏమీ అనలేదు.

వానలు వెళ్లేదాకా దండాసి పొద్దుగూకే వేళకల్లా మెట్ట మీద ఉండేవాడు. మొదట్లో డోలీలో. తర్వాత సంచీలోంచి కొత్త కాలు బయటికి తీసి, దాన్ని పచ్చి బూతులు తిడుతూ, హైమ భుజం పట్టుకుని. ఆ తర్వాత కర్ర పట్టుకుని ఒక్కడే.

కార్తీకంలో మేడమ్ వచ్చింది. "నువ్వు రోజూ ఇలా కట్టుబడి ఉండటం న్యాయం కాదు నాయనా. చెరిపేస్తాను," అంది.

"నానే సెరుపుతానండీ," అన్నాడు దండాసి. చెరిపే ముందు పలక మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. "సాల్లే. సాన్నాళ్లు ఎతుక్కున్నావు," అన్నాడు దానితో. హైమ అటు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఈసారి నెలంతా ఒట్టు పెట్టుకున్నట్టు పలక వెనకే ఉన్నాడు. హైమ టార్చి ముట్టుకోలేదు. పలక బండనూ చెట్టునూ రేకునూ మాత్రమే నేర్చుకుంది. మేడమ్ బొమ్మ పరిచి చూసి, మచ్చ లేదని సంతోషించి, విశాఖ బస్సెక్కింది. ఇక ఆ లింకుకు ఎవరూ అక్కర్లేదు.

ఆ సాయంకాలం ఇంట్లో దండాసి లేడు. కర్ర కూడా లేదు. హైమ డాబా ఎక్కి, అలవాటు కొద్దీ లాప్‌టాప్ తెరిచింది. మబ్బు లేదు, గాలి లేదు. అంకె యాభై ఏడు దగ్గర రాయిలా ఉంది. చూస్తూ కూర్చుంది. గొప్ప లింకు. ఏ వేళకైనా, ఏ వానకైనా పడిపోదు. అయినా ఆమెకు ఎందుకో దిగులుగా అనిపించింది.

పొద్దుగూకింది. యాభై ఏడు యాభై ఎనిమిది అయింది. ఆ వెంటనే అరవై అయింది. అక్కడే నిలిచింది.

హైమ ఆ అంకె వంక కాసేపు చూసి, పకపకా నవ్వి, ఫోన్ తీసింది.

"బావా, పలకకి అడ్డంగా కూకున్నావు. లెగు."

"లెగను," అన్నాడు దండాసి. "టార్సి ఎయ్యి."